ఏడు వంతెనల లెక్క.. చెత్త బండికి దారి

ఇరవై ఏళ్లు ఇంకా నిండలేదు. చేతిలో మాస్టర్స్ డిగ్రీ ఉంది. సొంత ఊరి యూనివర్సిటీలో ఫిజిక్స్ ప్రొఫెసర్ పోస్టు ఖాళీ అయిందని తెలిసి, ధ్వని మీద ఒక పరిశోధన వ్యాసం రాసి మరీ అప్లై చేశాడు. పోస్టు రాలేదు. మిగిలింది ఒకే ఒక్క ఆఫర్. అది దేశం కాని దేశంలో. పైగా తను ప్రాణం పెట్టి చదివిన లెక్కల్లో కాదు, వైద్య విభాగంలో!

1727లో ఈ పరిస్థితిలో ఉన్న ఆ కుర్రాడి పేరు లియోన్‌హార్డ్ ఆయిలర్. ఇంజినీరింగ్ చదివిన వాళ్లకు ఈ పేరు కొత్తేం కాదు. మ్యాథ్స్ పేపర్లలో ఆయిలర్ మెథడ్, స్ట్రెంత్ ఆఫ్ మెటీరియల్స్‌లో ఆయిలర్ కాలమ్ ఫార్ములా, డిస్క్రీట్ మ్యాథ్స్‌లో ఆయిలర్ సర్క్యూట్... ఏ బ్రాంచ్‌లో చేరినా ఎక్కడో ఒకచోట తగులుతాడు. బీటెక్‌లో ఆయిలర్ సర్క్యూట్‌ని నేను రెండు మార్కుల ప్రశ్న కోసం బట్టీ పట్టాను. అది దేనికి పనికొస్తుందో మాత్రం కోర్సు కోసం అమీర్‌పేట హాస్టల్లో ఉన్నప్పుడే బుర్రకెక్కింది.

రోజూ పొద్దున్నే చెత్త ఆటో మా సందులోకి వచ్చేది. చివరిదాకా వెళ్లి, తిరగడానికి చోటు లేక రివర్సులో వెనక్కి వచ్చేది. పక్క సందు చూసుకుని మళ్లీ మా సందు మీదుగానే మెయిన్ రోడ్డెక్కేది. అంటే ఒకే సందులో మూడుసార్లు. ఎదురుగా స్కూల్ వ్యాన్ వస్తే ఇక చెప్పక్కర్లేదు. ఒక కాలనీలో ప్రతి వీధికీ వెళ్లాలంటే ఆ ఆటో తక్కువలో తక్కువ ఎంత దూరం తిరగాలి? ఈ ప్రశ్నకు వేరు దాదాపు మూడు వందల ఏళ్ల కిందట ఆయిలర్ రాసిన ఒక చిన్న పేపర్‌లో ఉంది.

శనివారం మధ్యాహ్నం డౌట్లు

ఆయిలర్ 1707 ఏప్రిల్ 15న స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో పుట్టాడు. తండ్రి చర్చి పాస్టర్. కొడుకు కూడా పాస్టర్ కావాలన్నది ఆయన కోరిక. 13 ఏళ్లకే బాసెల్ యూనివర్సిటీలో చేరిన ఆయిలర్‌కి మాత్రం మనసంతా లెక్కల మీదే ఉండేది. అప్పట్లో యూరప్‌లో పేరున్న గణిత శాస్త్రవేత్త యోహాన్ బెర్నూలీ అక్కడే ప్రొఫెసర్. ట్యూషన్ చెప్పడానికి ఆయనకు తీరిక లేదు. కష్టమైన పుస్తకాలు సొంతంగా చదువుకోమని, ఎక్కడైనా ఆగిపోతే శనివారం మధ్యాహ్నం వచ్చి అడగమని చెప్పాడు. వారంలో ఒక్కపూట దొరికే ఆ సమయాన్ని వృథా చేయకూడదని, వీలైనంత తక్కువ డౌట్లు మిగిలేలా ఆయిలర్ ముందే కష్టపడేవాడు. సొంతంగా చదివే అలవాటు అలా వచ్చింది. కొడుకు తెలివిని చూసి, పాస్టర్ ఆలోచన వదిలేయమని తండ్రిని ఒప్పించింది కూడా బెర్నూలీయే.

ఫిజిక్స్ పోస్టు చేజారిన 1727లోనే మరో సంగతి జరిగింది. ఓడ మీద తెరచాప స్తంభాలను ఎక్కడ నిలబెట్టాలన్న విషయంపై పారిస్ అకాడమీ పెట్టిన పోటీలో ఆయిలర్ పాల్గొన్నాడు. సముద్రమే లేని దేశంలో పుట్టిన కుర్రాడు రాసిన వ్యాసానికి రెండో స్థానం దక్కింది. తర్వాతి కాలంలో ఆ అకాడమీ బహుమతిని ఆయన పన్నెండుసార్లు అందుకున్నాడు.

మెడికల్ సెక్షన్‌లో లెక్కల మనిషి

రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో కొత్తగా సైన్స్ అకాడమీ మొదలైంది. యోహాన్ బెర్నూలీ కొడుకు డానియల్ అప్పటికే అక్కడ పనిచేస్తున్నాడు. శరీరధర్మ శాస్త్రంలో ఒక ఖాళీ ఉందని, వచ్చేయమని ఆయిలర్‌కి కబురు పెట్టాడు. ఆయిలర్ బింకానికి పోలేదు. కొన్నాళ్లు ఆ సబ్జెక్టు చదువుకుని 1727 ఏప్రిల్‌లో బయల్దేరాడు. పడవలు, బండ్లు మారుతూ ఆరు వారాల ప్రయాణం.

తీరా చేరేసరికి అకాడమీకి అండగా ఉన్న మహారాణి కేథరిన్-1 కన్నుమూసింది. కొత్త పాలకులకు ఈ విదేశీ పండితుల మీద పెద్దగా ఆసక్తి లేదు. సంస్థ ఉంటుందో మూతపడుతుందో తెలియని పరిస్థితి. ఆ రోజుల్లో ఆయిలర్ రష్యా నౌకాదళంలో మెడికల్ లెఫ్టినెంట్‌గా కూడా పనిచేశాడు. 1730లో ఫిజిక్స్ ప్రొఫెసర్ అయ్యాడు. 1733లో డానియల్ బెర్నూలీ బాసెల్ తిరిగి వెళ్లిపోవడంతో, కోరుకున్న గణిత విభాగం పదవి చేతికొచ్చింది. అప్పటికి వయసు 26. కోరుకున్న కుర్చీ దాకా రావడానికి ఆరేళ్లు పట్టింది.

పదవి వచ్చాక కూడా ఆయన పెద్ద సిద్ధాంతాలకే పరిమితం కాలేదు. రష్యా పటాలు గీసే పనిలో కూర్చున్నాడు. తూనికలు, కొలతల వ్యవహారం చూశాడు. ప్రభుత్వం ఏ పని అప్పగించినా అందులో లెక్క ఎక్కడుందో వెతికేవాడు.

చిన్న పజిల్, పెద్ద దారి

ఆ రోజుల్లో ప్రష్యాలో కోనిగ్స్‌బర్గ్ అనే పట్టణం ఉండేది. ఇప్పుడది రష్యాలోని కాలినిన్‌గ్రాడ్. ఊరి మధ్యలో ప్రెగెల్ నది, అందులో ఒక దీవి. నది పాయల వల్ల ఊరు నాలుగు ముక్కలైంది. వాటిని కలుపుతూ ఏడు వంతెనలు. ప్రతి వంతెననూ ఒక్కసారే దాటుతూ ఊరంతా చుట్టి రాగలమా అన్నది అక్కడి వాళ్ల సరదా ప్రశ్న. ఎవరూ చుట్టలేకపోయారు. అలాగని కుదరదని రుజువు చేసిన వాళ్లూ లేరు.

ఈ పజిల్ ఆయిలర్ దగ్గరికి వచ్చింది. డాన్‌జిగ్ నగర మేయర్ ఎలర్ దీని గురించి ఆయనతో ఉత్తరాలు నడిపాడు. ఇందులో గణితం పెద్దగా ఏమీ లేదని, మామూలు ఆలోచన ఉన్నవాళ్లెవరైనా తేల్చగలరని జవాబు రాసిన ఆయిలరే, అదే సమస్యను వదలకుండా ముగింపు దాకా పట్టుకెళ్లాడు. అప్పటికే ఆయన మామూలు మనిషి కాదు. పెద్ద పెద్ద వాళ్లకు దశాబ్దాలుగా కొరుకుడు పడని ఒక అనంత శ్రేణి మొత్తాన్ని కనుక్కుని యూరప్‌లో పేరు తెచ్చుకున్నాడు. అలాంటి వాడు వంతెనల పజిల్ ముందు ఎందుకు కూర్చున్నాడు? తెలిసిన జ్యామెట్రీ, ఆల్జీబ్రా ఏవీ దీనికి సరిపోకపోవడమే ఆయనకు నచ్చింది. ఇక్కడ దూరంతో పనిలేదు, కోణంతో పనిలేదు. ఏది దేనితో కలిసి ఉందన్నదే ముఖ్యం.

దారులన్నీ ఒక్కొక్కటిగా వెతుక్కుంటూ పోలేదు ఆయన. ముందు లెక్కపెట్టాడు. మధ్యలో వచ్చే ఒక ప్రాంతంలోకి ఒక వంతెన మీద వెళ్తే, ఇంకో వంతెన మీదుగా బయటికి రావాలి. అంటే వంతెనలు జంటలుగా ఖర్చవుతాయి. కాబట్టి ప్రయాణం మొదలైన చోటు, ముగిసిన చోటు తప్ప మిగతా ప్రతిచోటా వంతెనల సంఖ్య సరి సంఖ్య కావాల్సిందే. కోనిగ్స్‌బర్గ్‌లో దీవికి ఐదు వంతెనలు, మిగతా మూడు ప్రాంతాలకు తలా మూడు. నాలుగూ బేసి సంఖ్యలే. ఇక ఎంత తిరిగినా కుదరదు. అంతే!

ఈ పేపర్‌ని 1735 ఆగస్టులో అకాడమీ ముందు పెట్టాడు. అచ్చయింది 1741లో. మనం క్లాసులో గీసే చుక్కలు, గీతల బొమ్మ ఆ పేపర్‌లో లేదు. అది తర్వాత వచ్చింది. ఆయిలర్ వాడింది ఎ, బి, సి, డి లాంటి అక్షరాలే. ఇవాళ గ్రాఫ్ థియరీ అని మనం చదివే సబ్జెక్టుకు మొదటి పేజీ ఇదే.

పైపులు పగిలిన చోట

1738లో ఆయిలర్ కుడి కంటి చూపు పోయింది. పటాల మీద గంటల తరబడి వంగి పనిచేయడమే కారణమని ఆయన నమ్మాడు. తీవ్రమైన జ్వరం వల్ల పోయి ఉండొచ్చన్నది తర్వాతి వాళ్ల అంచనా. రష్యాలో రాజకీయాలు మళ్లీ కుదురు తప్పడంతో 1741లో ప్రష్యా రాజు ఫ్రెడరిక్ పిలుపు మీద బెర్లిన్ వెళ్లి, పాతికేళ్లు అక్కడే ఉన్నాడు.

అక్కడ జరిగిన ఒక సంఘటన ఫీల్డ్‌లో పనిచేయబోయే ప్రతి ఇంజినీరూ తెలుసుకోవాలి. పోట్స్‌డామ్‌లోని తన సాన్సూసీ ప్యాలెస్‌లో ఎత్తుకు ఎగసే ఫౌంటెన్ కావాలని రాజు పట్టుబట్టాడు. నదిలోంచి నీటిని గుట్ట మీది చెరువుకు తోడాలి. వేసిన చెక్క పైపులు పగిలిపోతున్నాయి. ఆయిలర్ పైపుల్లోని ఒత్తిడిని లెక్కేసి, ఆ పైపులు తట్టుకోవని, బలమైనవి వాడాలని రాసి ఇచ్చాడు. పని చేయించేవాళ్లు ఖర్చు చూసుకున్నారు తప్ప లెక్క చూడలేదు. ఫౌంటెన్ పనిచేయలేదు. రాజు మాత్రం తప్పంతా ఆయిలర్ గణితం మీదకే నెట్టాడు. చాలాకాలం లోకం కూడా అదే నమ్మింది. రాజు గొంతు పెద్దది కదా! లెక్క సరిగ్గా ఉంటే సరిపోదు. ఫీల్డ్‌లో దాన్ని అమలు చేసేవాళ్లు నమ్మితేనే నీళ్లు పైకి వెళ్తాయి. చెత్త బండి రూట్ల దగ్గర ఈ సంగతి మళ్లీ గుర్తొస్తుంది.

చూపు పోయినా ఆగని పని

రాజుతో పొసగక 1766లో, 59 ఏళ్ల వయసులో, ఆయిలర్ పీటర్స్‌బర్గ్ తిరిగొచ్చాడు. కొద్ది రోజుల్లోనే మిగిలిన ఎడమ కంటికి శుక్లం వచ్చింది. 1771లో ఆపరేషన్ చేస్తే కొన్నాళ్లు చూపు వచ్చి, మళ్లీ పోయింది. అదే ఏడాది ఇల్లు కాలిపోయింది. కళ్లు కనిపించని ఆయన్ని ఒక మనిషి మోసుకుని బయటికి తెచ్చి కాపాడాడు. 1773లో భార్య కేథరీనా చనిపోయింది. పదమూడు మంది పిల్లల్లో బాల్యం దాటి బతికింది ఐదుగురే.

ఇన్ని దెబ్బల తర్వాత ఎవరైనా పని ఆపేస్తారు. ఆయిలర్ రాసిన దాంట్లో దాదాపు సగం ఈ చివరి రోజుల్లోనే వచ్చింది. మనసులోనే లెక్కలు చేసి, పక్కనున్న వాళ్లతో రాయించేవాడు. ఆయన ప్రసిద్ధ ఆల్జీబ్రా పుస్తకాన్ని రాసుకున్నది అంతకుముందు టైలర్ దగ్గర పని నేర్చుకున్న ఒక సహాయకుడు. 1783 సెప్టెంబరు 18న కూడా, గాల్లోకి లేచే బెలూన్ల లెక్క, అప్పుడే కొత్తగా కనుక్కున్న యురేనస్ కక్ష్య గురించిన చర్చతో రోజు గడిచింది. ఆ సాయంత్రమే కన్నుమూశాడు. వయసు 76. మొత్తం రచనలు 850కి పైనే. ఆయన పోయాక కూడా దశాబ్దాల పాటు పీటర్స్‌బర్గ్ అకాడమీ వాటిని అచ్చేస్తూనే ఉంది.

వంతెనల నుంచి వీధుల్లోకి

ఆయిలర్ పేపర్ ఏది కుదరదో గట్టిగా చెప్పింది. అన్నీ సరి సంఖ్యలైతే దారి తప్పకుండా ఉంటుందన్న దానికి పూర్తి రుజువు జర్మన్ గణిత శాస్త్రవేత్త కార్ల్ హియర్‌హోల్జర్ ఇచ్చాడు. అది ఆయన చనిపోయాక 1873లో అచ్చయింది. ఇక అసలు ప్రశ్న మిగిలింది: సరి సంఖ్యలు కానప్పుడు తక్కువలో తక్కువ ఎంత దూరం రిపీట్ చేయాలి? 1960లో చైనా గణిత శాస్త్రవేత్త గ్వాన్ మేగు ఒక పోస్ట్‌మ్యాన్ కోణంలో ఈ ప్రశ్న అడిగాడు. అందుకే దీనికి చైనీస్ పోస్ట్‌మ్యాన్ ప్రాబ్లం అన్న పేరు స్థిరపడింది. 1973లో జాక్ ఎడ్మండ్స్, ఎల్లిస్ జాన్సన్ దాన్ని కంప్యూటర్ వేగంగా చేయగలిగే పద్ధతి ఇచ్చారు. ఆ మరుసటి ఏడాదే ఎడ్వర్డ్ బెల్‌ట్రామీ, లారెన్స్ బోడిన్ న్యూయార్క్ చెత్త సేకరణ వాహనాల రూట్ల మీద పేపర్ రాశారు. కోనిగ్స్‌బర్గ్ పజిల్ చెత్త బండి ఎక్కింది అలా.

చిన్న ఉదాహరణ చూద్దాం. నిచ్చెన ఆకారంలో ఒక కాలనీ ఉందనుకోండి. పక్కపక్కనే రెండు పొడవాటి వీధులు, ఒక్కోటి 300 మీటర్లు. వాటిని కలుపుతూ వంద మీటర్లకొకటి చొప్పున నాలుగు అడ్డ సందులు, ఒక్కోటి 50 మీటర్లు. మొదటి సందు, చివరి సందు కాలనీకి రెండు చివర్లలో ఉన్నాయి. మొత్తం రోడ్డు 800 మీటర్లు. ఆటో ఒక మూల నుంచి బయల్దేరి, ప్రతి వీధికీ వెళ్లి, అక్కడికే రావాలి.

ఇప్పుడు ఆయిలర్‌లా లెక్కపెట్టండి. నాలుగు మూలల్లో రెండేసి రోడ్లు కలుస్తాయి, సరి సంఖ్య. మధ్య సందులు రెండింటి చివర్లలో, అంటే నాలుగు జంక్షన్లలో, మూడేసి రోడ్లు కలుస్తాయి, బేసి. ఈ నాలుగింటినీ జంటలు చేసి, జంటకి జంటకి మధ్య రోడ్డును రెండోసారి తిరగాలి. మధ్య సందుల మీదుగానే జంట కలిపితే అదనంగా 100 మీటర్లు. మొత్తం 900. పొడవాటి వీధుల వెంబడి కలిపితే అదనంగా 200, మొత్తం 1000. ఐమూలగా కలిపితే అదనంగా 300, మొత్తం 1100. డ్రైవర్‌కి అలవాటైన రూటు 1100 అనుకోండి. రోజుకు 200 మీటర్లు ఊరికే తిరుగుతున్నట్టే. ఒక కాలనీలో ఇది చిన్న సంఖ్యే. ఊరంతా ఉన్న కాలనీలకు, ఏడాదిలోని అన్ని రోజులకు గుణిస్తే డీజిల్ లెక్క మీకే తెలుస్తుంది. డీజిలే కాదు. ఇరుకు సందులో బండి ఎంతసేపు ఉంటే ట్రాఫిక్ అంతసేపు ఆగుతుంది, ఆఖరి ఇంటికి బండి అంత ఆలస్యంగా వస్తుంది. ఆఫీసుకు వెళ్లిపోయిన వాళ్ల చెత్త సాయంత్రానికి వీధి మూలకు చేరుతుంది.

ఇదే లెక్క ఇంకో రెండు సంగతులు చెప్తుంది. డివైడర్ ఉన్న పెద్ద రోడ్లలో రెండు వైపులా విడివిడిగా వెళ్లాలి. అన్నీ అలాంటి రోడ్లే అయితే, ప్రతి జంక్షన్‌లోకి వచ్చే దారులు, పోయే దారులు సమానం. ఒక్క మీటరు కూడా రిపీట్ కాని రూటు తప్పకుండా ఉంటుంది. మా హాస్టల్ లాంటి, చివర మూసుకుపోయిన సందు దీనికి రివర్స్. దాని చివరకు ఒకటే రోడ్డు, అంటే బేసి. ఎంత గొప్ప సాఫ్ట్‌వేర్ పెట్టినా బండి వెళ్లి వెనక్కి రావాల్సిందే. అక్కడ మార్చాల్సింది రూటుని కాదు, పద్ధతిని. బండిని సందు మొదట్లో ఆపి, తోపుడు బండితో చెత్త తెప్పించుకోవడం లాంటివి.

నిజం నగరంలో లెక్క ఇంత సులువుగా ఉండదు. కొన్ని వన్ వే, కొన్ని టూ వే రోడ్లు కలిసి ఉంటే, అన్ని సందర్భాల్లోనూ వేగంగా పనిచేసే పద్ధతి ఇప్పటికీ ఎవరికీ దొరకలేదు. అది ఎంత కష్టమైన సమస్యో 1976లో క్రిస్టోస్ పాపాడిమిట్రియో చూపించాడు. బండి నిండిపోతే మధ్యలో ఖాళీ చేసి రావాలన్న షరతు కలిపి 1981లో బ్రూస్ గోల్డెన్, రిచర్డ్ వాంగ్ ఇంకో రూపం ఇచ్చారు. అందుకే ఇవాళ్టి సాఫ్ట్‌వేర్లు చాలావరకు బెస్ట్ రూటు కాకుండా, దానికి దగ్గరగా ఉండే మంచి రూటు ఇస్తాయి. దాని మీద మనిషి చూపు కూడా పడాలి. ఏ సందులో సంత జరుగుతుందో, ఏ మలుపులో ట్రాన్స్‌ఫార్మర్ అడ్డమో డ్రైవర్‌కి తెలుస్తుంది, మ్యాప్‌కి తెలియదు. ఆయన్ని అడగకుండా ఆఫీసులో గీసిన రూటుకు సాన్సూసీ ఫౌంటెన్ గతే పడుతుంది.

మీరు మొదలుపెట్టాలంటే

ఈ పనికి ఇప్పుడు ఖర్చు దాదాపు లేదు. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో మీ ఊరి రోడ్లు ఉచితంగా దొరుకుతాయి. పైథాన్‌లో నెట్‌వర్క్ఎక్స్ లైబ్రరీ జంక్షన్లను లెక్కపెడుతుంది, బేసి వాటిని జంటలు చేస్తుంది, ఆయిలర్ సర్క్యూట్ కూడా ఇస్తుంది. క్యూజీఐఎస్ నేర్చుకుంటే రూటుని మ్యాప్ మీద చూపించొచ్చు. సివిల్ వాళ్లకు, కంప్యూటర్స్ వాళ్లకు ఇద్దరికీ అందే పని ఇది. డెలివరీ, లాజిస్టిక్స్, జీఐఎస్ కంపెనీల ఇంటర్వ్యూల్లో, అందరి రెజ్యూమెల్లో కనిపించే మినీ ప్రాజెక్టుల కన్నా మీ సొంత వార్డు మీద చేసిన పని గురించి ఎక్కువసేపు మాట్లాడగలరు. ఎందుకంటే అందులో ప్రతి సందూ మీకు తెలుసు.

మొదటి మెట్టుకు కంప్యూటర్ కూడా అక్కర్లేదు. రేపు పొద్దున చెత్త ఆటో వచ్చినప్పుడు దాని వెనకాల ఒక రౌండ్ నడవండి. తెల్ల కాగితం మీద వీధులు గీయండి. ప్రతి జంక్షన్ దగ్గర ఎన్ని రోడ్లు కలుస్తున్నాయో రాసి, బేసి వాటికి సున్నా చుట్టండి. ఆ తర్వాత డ్రైవర్‌తో ఐదు నిమిషాలు మాట్లాడండి. కోరుకున్న కుర్చీ వచ్చేదాకా ఆరేళ్లు చేతికొచ్చిన ప్రతి పనీ చేసిన కుర్రాడు, పేరొచ్చాక కూడా ఒక సరదా పజిల్‌ని చిన్నచూపు చూడలేదు. మన వీధి చెత్త బండి లెక్క అంతకన్నా చిన్నదేం కాదు.